బల్బు కొనకముందు బోల్టు చూడండి

డీజిల్ ఇంజన్‌కున్న మంచి గుణమే పాత ట్రాక్టరు లైట్లకు చేటు తెచ్చింది. ఇంజన్ ఒకసారి అందుకుందంటే పాత ట్రాక్టరుకు ఇక కరెంటుతో పనిలేదు. పెట్రోలు బండిలా ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టక్కర్లేదు. సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయి పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. డీజిల్ పంపును ఇంజన్ పళ్లచక్రాలే తిప్పుతాయి. బ్యాటరీ చచ్చినా, సగం వైర్లు ఎలకలు కొట్టేసినా, రాత్రి బండిని మిట్ట మీద నిలబెట్టి పొద్దున్నే దిగుడుకు వదిలి గేరు వేస్తే స్టార్టవుతుంది. దుక్కి సాగుతుంది, ట్రాలీ నడుస్తుంది. పని ఆగనప్పుడు లైటు గురించి ఎవరు తలబాదుకుంటారు? ఇంజన్ రెండుసార్లు బోరు చేయించిన బండికి కూడా వైరింగ్ మాత్రం కంపెనీ నుంచి వచ్చిన నాటిదే ఉంటుంది, మధ్యమధ్య టేపు ముడులతో.

ధరూర్‌లో నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. షాపంటే రేకుల కింద ఒక బల్ల, ఒక బ్యాటరీ చార్జరు, గోడకు వేలాడే వైరు చుట్టలు, నేల మీద విప్పేసిన డైనమోలు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న మా నడిగడ్డలో బండ్లకు ఖాళీ ఉండదు. సీడ్ పత్తి, వరి, మిరప, వేరుశనగ, అన్నింటికీ ట్రాక్టరే. మహీంద్రా 575లు, మాస్సీ 1035లు, స్వరాజ్ 735లు, అక్కడక్కడా ఇంకా ప్రాణంతో ఉన్న హెచ్‌ఎంటీలు నా దగ్గరకొస్తాయి. రెండు చేతులో మూడు చేతులో మారి వచ్చినవే ఎక్కువ. ఏడాదంతా లైట్ల ఊసెత్తనివాళ్లు జూరాల కాలువకు నీళ్లు వదిలారని తెలియగానే వరసకడతారు. అందరి మళ్లకూ ఒక్కసారే నీళ్లొస్తాయి, అందరికీ ఒకే వారంలో బురద దున్నాలి, పగలు చాలదు. అప్పుడు గుర్తొస్తుంది, బండికి లైటుండేదని.

వచ్చినవాళ్ల మాట ఒకటే తీరు. "అన్నా, ఎడమ పక్క లైటు పడ్తలేదు. మంచి బల్బు ఒకటియ్యి."

"బండి యాడుంది అప్పా?"

"ఊర్లుంది. బల్బు ఇస్తే నేనే యేసుకుంట."

నేను బల్బు అమ్మితే నాకు లాభమే. కానీ ఆ బల్బు వేసినా లైటు వెలగదని చాలాసార్లు చూడకుండానే చెప్పొచ్చు. నిజంగా మాడిపోయిన బల్బును గాజులోంచి చూస్తేనే తెలుస్తుంది, లోపలి తీగ తెగి వేలాడుతుంటుంది, గాజు నల్లబారి ఉంటుంది. తీగ సాఫుగా ఉండి కూడా వెలగడం లేదంటే తప్పు బల్బుది కాదు. తప్పు ఎక్కువగా దొరికే చోటు ఎవరూ చూడని చోటు, ఎర్తు.

కాలువ నీళ్లు పొలానికి చేరితే చాలు, తిరిగి డ్యాముకు పోనక్కర్లేదు. కరెంటు అలా కాదు. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరి స్విచ్చు, ఫ్యూజు, బల్బు దాటాక మళ్లీ మైనస్‌కు చేరితేనే పారుతుంది. పోయే దారికి వైరుంది, ఎర్రదో నీలిదో కంటికి కనిపిస్తుంది. తిరిగొచ్చే దారికి చాలా పాత బండ్లలో వైరే లేదు. ఆ పని ట్రాక్టరు ఇనుప ఒళ్లే చేస్తుంది. లైటు డోము బోల్టు నుంచి బానెట్‌కు, బానెట్ నుంచి చాసిస్‌కు, చాసిస్ నుంచి ఒక లావుపాటి పట్టీ మీదుగా బ్యాటరీ మైనస్‌కు. ఇందులో ఒక్క బోల్టు తుప్పు పట్టినా దారి మూసుకుపోయినట్టే.

తుప్పుకు తోడు రంగు కూడా. దసరాకు ఆయుధపూజ అని బండిని కడిగి, కొత్తగా రంగు కొట్టిస్తారు. పెయింటరు పాపం ఏం చేస్తాడు, డోమును విప్పి, బోల్టు కింద, వాషరు కింద అంతా ఎర్రగా మెరిసేలా కొట్టి మళ్లీ బిగిస్తాడు. రంగు గుండా కరెంటు పోదు. పండుగ మర్నాడు ముందు లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయని బండి నా దగ్గరకొస్తే, నేను చేసే వైద్యమల్లా బోల్టు విప్పి, ఎమెరీ పేపరుతో ఇనుము తెల్లబడేదాకా రుద్ది, కాస్త వాజలిన్ రాసి బిగించడమే. దానికి డబ్బులు అడగాలంటే నాకే మొహమాటం.

ఎర్తు పోయిందని ఎలా తెలుస్తుంది? దానికి కొన్ని గుర్తులున్నాయి. ఒకే లైటు గుడ్డిదైతే ఆ లైటు ఎర్తు. డిమ్ కొట్టినా బ్రైట్ కొట్టినా రెండు తీగలూ కలిసి మసకగా వెలిగితే తప్పకుండా ఎర్తే. అన్నిటికన్నా తమాషాది బ్రేకు తొక్కితే ఇండికేటరు వెలగడం, ఇండికేటరు వేస్తే వెనక దీపం మిణుకుమిణుకుమనడం. తిరిగిపోయే దారి లేక కరెంటు పక్క బల్బు తీగ గుండా ఎదురెక్కి దారి వెతుక్కుంటుంది. రైతు దాన్ని "వైర్లు కలిసిపోయినయ్" అంటాడు. కలవలేదు, ఒక చోట తెగింది.

ఈ పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు. పన్నెండు వోల్టుల ఇండికేటరు బల్బు ఒకటి, హోల్డరు, రెండు గజాల రెండు వైర్లు, ఒక దాని కొసకు క్లిప్పు, ఇంకో దాని కొసకు సూది. దీన్నే మేం టెస్ట్ లాంపు అంటాం. క్లిప్పు బ్యాటరీ మైనస్‌కు పెట్టి, లైటు స్విచ్చు వేసి, సూదితో హోల్డరులో ప్లస్ వచ్చేచోట ముట్టించండి. లాంపు బాగా వెలిగితే పోయే దారి సాఫుగా ఉంది. ఇప్పుడు క్లిప్పు తీసి ఆ డోము ఇనుముకు పెట్టి మళ్లీ ముట్టించండి. ఈసారి వెలగకపోతే, లేదా మసకబారితే, దొంగ దొరికాడు. మొదటి పరీక్షలోనే వెలగకపోతే హోల్డరు నుంచి వెనక్కి నడవండి, జంక్షన్, డిమ్మర్ స్విచ్చు, లైటు స్విచ్చు, ఫ్యూజు. ఎక్కడ లాంపు వెలుగుతుందో, దాని తర్వాత ఎక్కడ ఆరుతుందో, ఆ రెంటి నడుమే తెగింది. ముందునుంచి వెనక్కే పోవాలి, ఊహించి ఒక్కో సామాను మార్చుకుంటూ పోతే జేబు ఖాళీ.

కుర్రాళ్లంతా ఇప్పుడు మల్టీమీటరు కొంటున్నారు. మంచిదే, నా దగ్గరా ఉంది. కానీ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మీటరు కరెంటును దాదాపు లాగదు. లోపల వైరు పోగులన్నీ తెగి ఒకే ఒక్క పోగు ఆనుకుని ఉన్నా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. ఆ ఒక్క పోగు మీద బల్బు వెలగదు. మీటరు చూసి "కరెంటు వస్తుందన్నా, బల్బే పోయింది" అంటాడు కుర్రాడు. టెస్ట్ లాంపు అలా మోసపోదు, అది నిజంగా కరెంటు లాగి చూస్తుంది. మీటరు వాడాలంటే లైట్లు వేసి ఉంచి, బ్యాటరీ మైనస్ గుంజకు ఒక కొస, డోము ఇనుముకు ఒక కొస పెట్టండి. సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటిందంటే ఎర్తు శుభ్రం చేయాల్సిందే.

అర వోల్టుకు ఇంత రాద్ధాంతమా అనుకోవద్దు. తీగ బల్బుకు వోల్టేజి కాస్త తగ్గితే వెలుగు చాలా తగ్గుతుంది. 12 వోల్టుల బల్బుకు 10.5 వోల్టులే అందితే వెలుగులో మూడో వంతుకు పైగా పోతుంది. పాత వైరులో ఆ ఒకటిన్నర వోల్టు పోవడం ఎంతసేపు? 60 వాట్ల హాలోజన్లు రెండు వేస్తే 10 యాంపియర్లు లాగుతాయి. వాటికి రేడియోకు వాడే అర చదరపు మిల్లీమీటరు సన్న వైరు నాలుగు మీటర్లు వాడితే 1.4 వోల్టులు ఆ వైరే తినేస్తుంది, పైగా వేడెక్కుతుంది. అదే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరైతే 0.3 వోల్టు కూడా పోదు. ఇంట్లో కరెంటు పనికి తెచ్చిన ఒంటి తీగ వైరు మిగిలిందని ట్రాక్టరుకు చుడతారు కొందరు. అది మరీ తప్పు. బండి అదురుకు ఒంటి తీగ లోపలే విరుగుతుంది, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరదు. ట్రాక్టరుకు సన్న పోగుల వైరే వాడాలి. ముడివేసి టేపు చుట్టడం కాకుండా కొసలకు లగ్గులు నొక్కించాలి.

హాలోజన్ వేయించుకునేవాళ్లకు నేను రిలే పెట్టమంటాను. పాత లైటు స్విచ్చు 10 యాంపియర్లు మోయడానికి పుట్టలేదు, లోపలి రాగి పలకలు కాలి నల్లబడతాయి. రిలే ఉంటే స్విచ్చు చిన్న కరెంటును మాత్రమే నడుపుతుంది, పెద్ద కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి నేరుగా లైటుకు పోతుంది. రిలే అడుగున అంకెలుంటాయి. 30కి బ్యాటరీ, 87కి లైటు, 85, 86లలో ఒకటి స్విచ్చుకు, ఒకటి ఎర్తుకు. ఈ చిన్న డబ్బా పెట్టాక అదే బల్బు ఎంత మారిందో చూసి "బల్బు మార్చినవా?" అని అడుగుతారు.

ఇక చార్జింగు. ఇక్కడ ముందు తేల్చుకోవాల్సింది మీ బండికి ఉన్నది డైనమోనా, ఆల్టర్నేటరా అని. డైనమో పొడుగ్గా గొట్టంలా ఉంటుంది, దానికి విడిగా, చార్జింగును అదుపు చేసే కటౌట్ డబ్బా ఉంటుంది. ఆల్టర్నేటరు పొట్టిగా, గుండ్రంగా, చుట్టూ కిటికీలతో ఉంటుంది. డైనమో ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు చార్జింగు దాదాపు ఇవ్వదు. బండి గట్టున నిలబెట్టి, ఇంజన్ నెమ్మదిగా పెట్టి, లైట్లన్నీ వేసుకుని అన్నం తింటే బ్యాటరీ దిగిపోతుంది. అది డైనమో జబ్బు కాదు, దాని తీరంతే.

డైనమో బాగుందో, కటౌట్ పోయిందో తేల్చడానికి మా పాత మేస్త్రీలు చేసే పరీక్ష ఇప్పటికీ పనిచేస్తుంది. డైనమో మీద డి, ఎఫ్ అని రెండు టెర్మినళ్లుంటాయి. రెంటి వైర్లూ పీకి, ఆ రెంటినీ చిన్న వైరుతో కలిపి, అక్కడి నుంచి బాడీకి మీటరు పెట్టి, ఇంజన్ మెల్లగా రేజ్ చేయాలి. వోల్టేజి గబగబా పైకి లేస్తే డైనమో మంచిది, కటౌట్ చూసుకోవాలి. లేవకపోతే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉంటాయి, లేదా కమ్యుటేటరు మీద నల్లమసి పేరుకుని ఉంటుంది. 20 వోల్టులు దాటనివ్వకూడదు. ఈ పరీక్ష ఆల్టర్నేటరుకు చేస్తే మాత్రం దాన్ని చేతులారా చంపుకున్నట్టే.

ఆల్టర్నేటరు సంగతి వేరు. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ గుంజ మీద 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉంటే చార్జింగు సరిగా ఉంది. 12.5 దగ్గరే ఆగితే ముందు బెల్టు నొక్కి చూడండి, తర్వాత డ్యాష్‌బోర్డు మీద ఎర్ర చార్జింగు బల్బు చూడండి. తాళం తిప్పగానే ఆ బల్బు వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. చాలా బండ్లలో ఆల్టర్నేటరును మేల్కొలిపే మొదటి కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. బల్బు మాడితే ఆల్టర్నేటరు నిద్ర లేవదు. చిన్న బల్బు పోయినదానికి ఆల్టర్నేటరు విప్పించుకుని వైండింగు మార్పించుకున్నవాళ్లున్నారు. 15 వోల్టులు దాటుతుంటే ఉల్టా జబ్బు, రెగ్యులేటరు పోయింది, బల్బులు వరసగా మాడుతుంటాయి, బ్యాటరీ నీళ్లు మరిగి తగ్గిపోతుంటాయి.

ఆల్టర్నేటరును చంపేవి ఇంకో రెండున్నాయి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "చూడు, చార్జింగు ఉంటే ఇంజన్ ఆగదు" అని పరీక్ష చేయడం ఒకటి. డీజిల్ ఇంజన్ ఎలాగూ ఆగదు, లోపలి డయోడ్లు పోతాయి. రెండోది వెల్డింగు. కల్టివేటరు కొయ్య విరిగిందని, ట్రాలీ కొక్కెం అరిగిందని బండికి తగిలించి ఉండగానే వెల్డింగు చేయిస్తారు. ఆ కరెంటు బండి ఒళ్లంతా పాకుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ రెండు వైర్లూ, ఆల్టర్నేటరు ప్లగ్గూ తీసేయాలి. రెండు నిమిషాల పని.

సెల్ఫ్ పట్టనప్పుడు హెడ్‌లైటే డాక్టరు. లైట్లు వేసి తాళం తిప్పండి. లైటు పూర్తిగా ఆరిపోయి టక్ టక్ మంటే బ్యాటరీ దిగింది, లేదా గుంజల మీద వైరు వదులైంది. లైటు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూ సెల్ఫ్ ఉలకకపోతే తాళం స్విచ్చో, సొలినాయిడో. లైటు బాగా మసకబారి సెల్ఫ్ మూలుగుతూ తిరిగితే సెల్ఫ్ మోటారు విప్పాలి, లేదా చాసిస్ ఎర్తు పట్టీ చూడాలి. సెల్ఫ్ వందల యాంపియర్లు లాగుతుంది. పట్టీ తెగితే అంత కరెంటూ యాక్సిలరేటరు తీగ, మీటరు కేబుల్ లాంటి సన్న దార్ల గుండా దూసుకుపోతుంది. స్టార్ట్ చేసేటప్పుడు డ్యాష్‌బోర్డు కింద పొగ వస్తే అదే కారణం.

బ్యాటరీ మీద తెల్లగా, పచ్చగా పూసే పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగేయండి, బూచులు (మూతలు) బిగించే ఉంచండి. రాత్రంతా నిలిపిన బండి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, 12.2 అంటే సగం దిగినట్టే. మా ఎండలకు వేసవిలో నీళ్లు త్వరగా తగ్గుతాయి, డిస్టిల్డ్ వాటర్ పోయాలి, బోరు నీళ్లు కాదు. వైర్లు విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. పానా ప్లస్ మీద ఉండగా బండి ఒంటికి తగిలితే నిప్పులు రాలతాయి, చార్జింగులో ఉన్న బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ అంటుకుంటుంది. బీడీ సంగతి వేరే చెప్పాలా. ఇంకొకటి. ఇంగ్లండు నుంచి వచ్చిన నాటి పాత మోడళ్లలో ప్లస్ వైపునే బాడీకి కట్టేవారు. అలాంటి బండి చేతికొస్తే లావు పట్టీ ఏ గుంజకుందో చూడకుండా కొత్త ఆల్టర్నేటరు బిగించొద్దు.

ఫ్యూజు పోయిందని సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టడం, రాగి పోగులు మెలిపెట్టి పెట్టడం మా దగ్గర ఇంకా పోలేదు. ఫ్యూజు ఊరికే కాలదు. ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగిలింది. ఫ్యూజు కాలకుండా ఆపితే వైరే కాలుతుంది, పక్కనే డీజిల్ పైపుంటుంది. వరిగడ్డి వామి పక్కన నిలిపే బండిలో ఎలకలు చేరతాయి, వైరు తొడుగు వాటికి ఇష్టం. ఫ్యూజు వేయగానే కాలితే దాని స్థానంలో టెస్ట్ లాంపు పెట్టండి. లాంపు వెలుగుతుంది, షార్టు ఉన్నంతసేపూ వెలుగుతూనే ఉంటుంది. ఒక్కో వైరు కట్ట కదిలిస్తూ పోండి. ఎక్కడ కదిలిస్తే లాంపు ఆరిందో అక్కడే ఒరుసుకుంది.

ఇంతదాకా చెప్పినవన్నీ చేయించుకున్న రైతు కూడా ఒకదాన్ని వదిలేస్తాడు, ట్రాలీ వెనక దీపం. ముందు నుదుటికి ఎల్‌ఈడీ బార్ కావాలంటారు. పొలంలో అది మంచిదే, 18 వాట్ల మంచి ఎల్‌ఈడీ పాత 55 వాట్ల హాలోజన్ అంత వెలుగిస్తుంది, డైనమోకు బరువు తగ్గుతుంది. కానీ దాన్ని రోడ్డు మీద వెలిగిస్తే ఎదురొచ్చేవాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. పత్తి వేసుకుని, వడ్లు వేసుకుని రాయచూరు దారిలో రాత్రి పోయే ట్రాలీలు వెనక నుంచి చూస్తే చీకట్లో చీకటి. 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే మోటారు సైకిల్ సెకనుకు 16 మీటర్లకు పైగా దూసుకొస్తుంది. డిమ్ లైటులో ఆగి ఉన్న ట్రాలీ 40 మీటర్ల దూరంలో కనబడిందనుకుంటే ఆ బండి నడిపేవాడికి ఉన్నది రెండున్నర సెకన్ల లోపే. అందులో ఒక సెకను చూసింది ఏమిటో అర్థమయ్యేసరికే పోతుంది.

ట్రాలీకి దీపం పెట్టినా ఎందుకు నిలవదంటే, మళ్లీ ఎర్తే. ప్లస్ వైరు ఒక్కటే లాగుతారు. తిరిగొచ్చే దారి ట్రాలీ కొక్కెం, దానిలోని పిన్ను. ఆ పిన్నుకు గ్రీజు, మట్టి, బండి గుంతలో దిగితే కదులుతుంది. దీపం వెలిగీ వెలగనట్టు ఉంటుంది. రైతు విసిగి పీకేస్తాడు. దీనికి మందు చవక. ట్రాక్టరు వెనక ఏడు పిన్నుల సాకెట్ వేయించండి, అందులో ఒక పిన్ను ఎర్తు కోసమే ఉంటుంది. బ్యాటరీ మైనస్ నుంచి ట్రాలీ దీపం దాకా విడిగా నల్ల వైరు లాగించండి, కొక్కెం మీద ఆధారపడకండి. 5 వాట్ల బల్బులు రెండూ కలిపి ఒక యాంపియరు కూడా లాగవు, ఎంత పాత డైనమో అయినా మోస్తుంది. వెనక తలుపుకు ఎర్ర రిఫ్లెక్టరు పట్టీ కూడా అంటించండి, బండి ఆపి బ్యాటరీ వైరు తీసేసినా అది పనిచేస్తుంది. రోడ్డెక్కే బండికి వెనక ఎర్ర దీపం, రిఫ్లెక్టర్లు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలూ చెబుతున్నాయి.

మా మండలంలోనే రేవులపల్లి దగ్గర జూరాల పవర్ హౌస్‌లో 39 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. దాని ముందు నుంచే దీపం లేని ట్రాలీలు రాత్రిళ్లు పోతుంటాయి. ఈ వానాకాలం కాలువ నీళ్లు రాకముందే బండి ఒకసారి దగ్గర్లోని ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. డబ్బులు ఒక్క పనికే ఉంటే ఎల్‌ఈడీ బార్ వచ్చే ఏడు చూసుకోవచ్చు, ముందు ట్రాలీ వెనక రెండు దీపాలు పెట్టించండి.